వడ్లపొట్టు పడి ఎర్రబడ్డ కన్నుకు ఏ చుక్కల మందు? టోబ్రా-డెక్సా, మాక్సి-డెక్సా, లోటెప్రెడ్నాల్ సంగతి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. మీ నాన్నగారిది హాలియా దగ్గర పల్లె. వయసు 58, షుగర్ ఉంది. ఐదు రోజుల కింద వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో వడ్లు తూర్పారబడుతుంటే కుడికంట్లో ఏదో పడింది. మర్నాటికి కన్ను ఎర్రబడింది. ఊళ్లో ఆర్‌ఎంపీ టోబ్రామైసిన్, డెక్సామెథసోన్ కలిసిన చుక్కలు ఇచ్చాడు. రెండు రోజులు హాయిగా ఉంది, ఇప్పుడు మళ్లీ నొప్పి. మెడికల్ షాపాయన దానికన్నా మాక్సిఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ కలిసింది పవర్‌ఫుల్ అన్నాడు. జడ్చర్లలో ఉండే మీ బావ తను వాడుతున్న లోటెప్రెడ్నాల్ కలిసిందైతే సైడ్ ఎఫెక్టులు ఉండవన్నాడు. అమ్మకు మోతిబిందు ఆపరేషన్ అయినప్పటి సగం సీసా కూడా ఇంట్లో ఉంది. వీటిలో ఏది మంచిదని మీ ప్రశ్న.

నేను కంటి డాక్టర్‌ని. నల్గొండ జిల్లాలో 22 ఏళ్లుగా చూస్తున్నాను. మీ నాన్నగారి కంటికి వీటిలో ఏదీ వేయకండి. ఈ పూటే చూపించండి, అదీ స్లిట్ ల్యాంప్ ఉన్న చోట. గడ్డం ఆనించి కూర్చోబెట్టి చూస్తారే, ఆ యంత్రం. టార్చిలైటు వేసి చూసి చెప్పిన మాట మీద ఇలాంటి కన్నును వదిలేయకూడదు. నల్గొండ అయినా, మిర్యాలగూడ అయినా సరే, ఏది దగ్గరైతే అక్కడికి. రేపు వడ్ల కాంటా ఉంది, ఎల్లుండి పోదాం అంటారు మీ నాన్నగారు. వినకండి. మిగతాది బస్సులో కూర్చుని చదువుకోండి.

మీరు రాసిన వాటిలో నాకు టెన్షన్ పెట్టిన మాట "రెండు రోజులు హాయిగా ఉంది, మళ్లీ నొప్పి" అన్నది. షాపాయన దాన్ని మందు సరిపోలేదని అర్థం చేసుకున్నాడు. నాకు అది వేరేలా వినిపించింది. ఆ చుక్కల్లోని డెక్సామెథసోన్ ఒక స్టెరాయిడ్. స్టెరాయిడ్ వేస్తే ఏ కన్నైనా ఒకటి రెండు రోజులు తేటపడుతుంది. ఎర్రదనం, వాపు, మంట ఇవన్నీ సూక్ష్మక్రిమి మీద మన ఒళ్లు చేసే పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణచేస్తుంది. క్రిమి జోలికి మాత్రం పోదు. పైరుకు తెగులు అలాగే ఉంచి, పండుబారిన ఆకులకు పచ్చరంగు పూసినట్టు.

వడ్లపొట్టు గానీ, పత్తికట్టె గానీ, గడ్డిపరక గానీ నల్లగుడ్డుకు తగిలితే పైపొర గీసుకుపోతుంది. ఆ గీతలోంచి మట్టిలో, పంట చెత్తలో ఉండే ఫంగస్ లోపలికి దిగుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రెండు రకాలు. చల్లటి దేశాల్లో నల్లగుడ్డు పుండు అంటే ముందు బ్యాక్టీరియానే అనుకుంటారు. దక్షిణ భారతంలో అలా కాదు. పరీక్షలో క్రిమి తేలిన పుండ్లలో మూడో వంతు నుంచి సగం దాకా ఫంగస్‌వే ఉంటాయి. కోతల కాలంలో నా దగ్గర ఆ లెక్క ఇంకా పైకే పోతుంది.

ఫంగస్‌కు టోబ్రామైసిన్ పనిచేయదు, మాక్సిఫ్లాక్సాసిన్ కూడా పనిచేయదు. రెండూ బ్యాక్టీరియాను చంపే మందులు. ఫంగస్ ముందు ఏది పవర్‌ఫుల్ అని అడగడంలోనే అర్థం లేదు. దానికి నాటమైసిన్ 5 శాతం చుక్కలు ఉన్నాయి. అడుగున మందు పేరుకుపోయే తెల్లటి సీసా, బాగా కదిపి గంటగంటకూ వేయాలి. మన దక్షిణాదిలోనే చేసిన ఒక పెద్ద పరిశోధన 2013లో వచ్చింది. కొత్తది, ఖరీదైనది అయిన వొరికొనజోల్ కన్నా ఈ పాత నాటమైసినే మేలని, అందులోనూ ఫ్యుజేరియం విషయంలో తేడా బాగా ఉందని తేలింది. ఆ నాటమైసిన్ కూడా నల్లగుడ్డు లోపలి పొరల్లోకి సరిగా దిగదు. అంటే తొందరగా మొదలుపెడితేనే ఫలితం. మీరు వాడిన సీసాలోని స్టెరాయిడ్ ఆ తొందరనే మనకు లేకుండా చేస్తుంది. కన్ను తేటగా కనిపిస్తుంటే ఎవరు మాత్రం ఆసుపత్రికి పరిగెత్తుతారు?

మునుగోడు వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు, చాలా ఏళ్ల కింద. మూడు వారాలుగా ఇలాంటి కలిపిన చుక్కలే వేసుకుంటున్నాడు. "ఎర్రదనమైతె పోయింది సారూ, కని పొగలెక్క కనబడుతున్నది" అన్నాడు. చూస్తే నల్లగుడ్డు నడుమ బూడిదరంగు పుండు, అంచులు ఈకల్లా చుట్టూ పాకి ఉన్నాయి. హైదరాబాద్ పంపాం. పుండు చిల్లు పడి, చివరికి నల్లగుడ్డు మార్చాల్సి వచ్చింది. కన్ను నిలిచింది గానీ ఆ కంటితో ముందు పెట్టిన వేళ్లు లెక్కపెట్టేంత చూపే మిగిలింది. మొదటి రోజు వేసిన సీసా జేబులోనే ఉంది. అందులోని యాంటీబయోటిక్ మంచి కంపెనీది, డేటు దాటలేదు, సరుకులో ఏ లోపమూ లేదు.

మీ నాన్నగారిది కచ్చితంగా ఫంగసే అనడం లేదు. ఒట్టి గీత కావచ్చు, రెప్ప కింద పొట్టు ఇరుక్కుని ఉండొచ్చు, బ్యాక్టీరియా పుండు కావచ్చు. ఫోన్లో ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. నాకూ ఫొటో పంపకండి.

ఇక మీరు అడిగిన పోలిక. ఇది మీ నాన్నగారికి కాకపోయినా మీ బావకూ, అమ్మకూ పనికొస్తుంది.

కలిపిన చుక్కల సీసాలో రెండు మందులుంటాయి. ఒకటి యాంటీబయోటిక్, రెండోది స్టెరాయిడ్. ఈ రెండూ వాడే పద్ధతి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. యాంటీబయోటిక్‌ను మొదటి రోజు నుంచే నిండుగా వేయాలి, వారమో పది రోజులో వేసి ఠక్కున ఆపేయాలి. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతే చావని బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది. స్టెరాయిడ్‌ను అలా ఠక్కున ఆపకూడదు. కొన్ని వారాలు వాడితే రోజుకు ఆరు, తర్వాత నాలుగు, మూడు, రెండు, ఒకటి అని మెట్లు దిగినట్టు దింపాలి. లేకపోతే వాపు తిరగబెడుతుంది. ఇప్పుడు ఈ రెండింటినీ ఒకే సీసాలో పోస్తే ఏమవుతుంది? జోడెడ్లలో ఒకటి ఆగాలి, ఒకటి నడవాలి, కాడి మాత్రం ఒక్కటే. స్టెరాయిడ్ కోసం మెట్లు దింపితే యాంటీబయోటిక్ అరకొర మోతాదులో నెలంతా పడుతుంది. యాంటీబయోటిక్ కోసం వారానికే ఆపితే వాపు తిరిగొస్తుంది. అందుకే కలిపిన సీసాను నేను చాలా కొద్ది రోజులకే రాస్తాను. పది, పన్నెండు రోజులు దాటాల్సి వస్తే రెండో సీసాకు మారుస్తాను. అందులో స్టెరాయిడ్ ఒక్కటే ఉంటుంది.

మరి ఎందుకు కలుపుతారంటే, సుఖం కోసం. ముసలివాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు ఒక సీసా వేసుకోవడమే కష్టం. రెండు సీసాలిచ్చి మధ్యలో ఐదు నిమిషాలు ఆగమంటే ఆగరు. ఒకదాని వెంట ఒకటి వేస్తారు, రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఒకే సీసా అయితే ఆ బాధ లేదు, డబ్బూ తక్కువ. ఇది చిన్న లాభం కాదు. మా దగ్గరికొచ్చే సగంమంది చుక్కలు వేసే మనిషి కోసం కొడుకు పనినుంచి వచ్చేదాకా కూర్చునేవాళ్లే.

సీసాలోని యాంటీబయోటిక్ సగం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మామూలు వాడకంలో తేడా అంత పెద్దది కాదు. టోబ్రామైసిన్ 0.3 శాతం పాత నమ్మకమైన మందు. సూడోమొనాస్ లాంటి మొండి బ్యాక్టీరియా మీద బాగా పనిచేస్తుంది, స్ట్రెప్టోకాకస్ జాతి మీద కొంచెం వెనకబడుతుంది. మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం కొత్త తరం మందు. ఎక్కువ రకాల బ్యాక్టీరియాను పడుతుంది, కంటి లోపలి నీటిలోకి కూడా బాగా దిగుతుంది. ఆపరేషన్ల తర్వాత ఎక్కువమంది డాక్టర్లు దీన్ని రాయడానికి అదే కారణం. గాటిఫ్లాక్సాసిన్ కూడా అదే వరుసలోది. సిప్రోఫ్లాక్సాసిన్ పుండు మీద గంటగంటకూ వేస్తే ఒక్కోసారి తెల్లటి సున్నంలాంటి పొర పేరుకుంటుంది, చూసి భయపడతారు, తర్వాత అదే పోతుంది. నియోమైసిన్ కలిసిన పాత చుక్కలు ఇంకా అమ్ముతున్నారు. బెట్నెసాల్-ఎన్‌లో ఆ 'ఎన్' అదే. నియోమైసిన్ పడనివాళ్లు చాలామంది ఉంటారు. రెప్పలు ఎర్రగా పొలుసులు కట్టి దురద పెడతాయి. రోగి జబ్బు ముదిరిందనుకుని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేస్తాడు. క్లోరాంఫెనికాల్ చవకైనది, ఇప్పటికీ పనిచేస్తుంది. ఎప్పుడో చాలా అరుదుగా ఎముక మజ్జను దెబ్బతీస్తుందనే భయంతో దాని వాడకం తగ్గింది.

అసలు తేడా అంతా స్టెరాయిడ్ సగంలో ఉంది. జనం మాత్రం యాంటీబయోటిక్ పేరు చూసి సీసాలను పోలుస్తారు. మీరు పోల్చిన మొదటి రెండూ, అంటే టోబ్రా-డెక్సా, మాక్సి-డెక్సా, రెండింటిలో ఉన్న స్టెరాయిడ్ ఒక్కటే: డెక్సామెథసోన్ 0.1 శాతం. ఒకటి మానేసి ఇంకోటి మొదలుపెడితే స్టెరాయిడ్ పరంగా మీరు ఏమీ మార్చనట్టే. నాలుగు రోజుల డెక్సామెథసోన్ మీద ఇంకో వారం డెక్సామెథసోన్ వేసినట్టవుతుంది.

డెక్సామెథసోన్ బలమైనది. వాపును గట్టిగా అణుస్తుంది, కంటి ఒత్తిడినీ గట్టిగానే పెంచుతుంది. బీటామెథసోన్ దాని తోబుట్టువు. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం నల్లగుడ్డును దాటి లోపలికి బాగా పోతుంది. కంటి లోపలి వాపు అయితే దాన్నే నమ్ముకుంటాం. డిఫ్లుప్రెడ్నేట్ 0.05 శాతం వీటన్నిటికన్నా గట్టిది. కంటి లోపలి వాపులో రోజుకు నాలుగుసార్లు వేసిన డిఫ్లుప్రెడ్నేట్, ఎనిమిదిసార్లు వేసిన ప్రెడ్నిసొలోన్‌కు సరితూగిందని పరిశోధనల్లో తేలింది. తక్కువసార్లు వేస్తే చాలన్నది నిజమే, ఒత్తిడిని తొందరగా, ఎక్కువగా పెంచుతుందన్నదీ అంతే నిజం. చిన్నపిల్లలకు దీన్ని చూడకుండా వేయడం మహా ప్రమాదం.

మీ బావ చెప్పిన లోటెప్రెడ్నాల్ సంగతి వేరే. దాన్ని తయారుచేయడమే ఒక ఉపాయంతో చేశారు. పని చేసిన తర్వాత కంట్లోనే ఉండే ఎంజైములు దాన్ని ముక్కలు చేసి పనికిరాని పదార్థంగా మార్చేస్తాయి. అందుకే ఒత్తిడి పెరగడం డెక్సామెథసోన్‌తో పోలిస్తే చాలా తక్కువ. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. ఫ్లోరోమెథలోన్ కూడా ఒత్తిడి విషయంలో మెతకే, కానీ కంటి పైపైన వాపులకే చాలుతుంది. కాబట్టి మీ బావ మాటలో సగం నిజం ఉంది. ఎక్కువ వారాలు వాడాల్సిన పైవాపుకు, ఒత్తిడి భయం ఉన్నవాళ్లకు నేనూ లోటెప్రెడ్నాలే రాస్తాను. మిగతా సగం అబద్ధం. ఫంగస్ మీద, హెర్పిస్ వైరస్ మీద అది కూడా స్టెరాయిడే. సాధువైన ఎద్దని చేనులో వదిలితే మేయకుండా ఉంటుందా?

ఒత్తిడి అన్నాను కదా. మామూలుగా కంటి లోపలి ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు కొన్ని వారాలు వేస్తే సుమారు మూడో వంతు మందిలో అది ఎంతో కొంత పెరుగుతుంది. నూటికి నలుగురైదుగురిలో విపరీతంగా, 15 పాయింట్లకు పైగా పెరుగుతుంది. 1960లలోనే ఈ లెక్క తేలింది, ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నాం. సాధారణంగా రెండు వారాలు దాటాక మొదలవుతుంది, పిల్లల్లో ఇంకా ముందే. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, బాగా మైనస్ అద్దాలు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు, గుర్తుపెట్టుకోండి. ఈ ఒత్తిడికి నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు. పక్కల నుంచి చూపు కోసుకుంటూ వస్తుంది. నెలల తరబడి వాడితే కటకం వెనక పొర మీద మోతిబిందు కూడా వస్తుంది, వయసుతో నిమిత్తం లేకుండా.

ఇది ఎక్కువగా పాలమూరు వైపు పిల్లల్లో చూశాను. నాగర్‌కర్నూల్, వనపర్తి దిక్కు నుంచి వస్తారు. ఎండాకాలం, దుమ్ము, పిల్లవాడికి కళ్లు విపరీతంగా దురద, తీగలు సాగే పుసులు, తెల్లగుడ్డు మట్టిరంగుకు తిరుగుతుంది. ఇది ఎలర్జీ, బ్యాక్టీరియా కాదు. యాంటీబయోటిక్‌తో పనే లేదు. ఎవరో ఒకసారి రాసిన కలిపిన చుక్కలు వేస్తే పిల్లవాడు ఒక్క రోజులో హాయిగా బడికి పోతాడు. ఆ ఖాళీ పెట్టె చూపించి మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొంటారు. పదకొండేళ్ల పిల్లవాడొకడు అలా మూడు ఎండాకాలాలు వాడి నా దగ్గరికొచ్చాడు. అద్దాలు మార్చాలని తీసుకొచ్చారు. ఒత్తిడి చూస్తే ఒక కంట్లో 42. చూపు నరం చాలావరకు పోయింది. వాళ్ల నాన్న ముంబై పనికి పోయివచ్చిన మనిషి, మందు ఎన్నడూ ఆపకుండా డబ్బు పంపేవాడట. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఆ పిల్లలకు ఓలోపటాడిన్ లాంటి ఎలర్జీ చుక్కలు, చన్నీటి గుడ్డ, మరీ ఎక్కువైతే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఉన్నాయి. స్టెరాయిడ్ మధ్యలో వారం పది రోజులు, డాక్టర్ ఒత్తిడి కొలుస్తూ ఉంటేనే.

అలాగని కలిపిన చుక్కలు చెడ్డవి కావు. అవి సరిగ్గా సరిపోయే చోట్లు ఉన్నాయి. మోతిబిందు ఆపరేషన్ తర్వాత మొదటి వారం పది రోజులు: కోసిన చోట క్రిమి రాకూడదు, వాపూ తగ్గాలి, రెండూ ఒకేసారి కావాలి. రెప్పల అంచున ఉండే స్టఫైలోకాకస్ బ్యాక్టీరియా మీద ఒళ్లు కోపగించుకుని నల్లగుడ్డు అంచున చిన్న చిన్న తెల్ల మచ్చలు వస్తాయి. అక్కడ కలిపిన చుక్కలు అయిదారు రోజులు వేస్తే మంత్రం వేసినట్టు పోతాయి. రెప్పల అంచుల వాపు ముదిరినప్పుడు రాత్రిపూట కలిపిన ఆయింట్‌మెంట్ కొన్నాళ్లు. పిల్లల తెల్లగుడ్డు మీద వచ్చే ఫ్లిక్టెన్ అనే చిన్న పొక్కుకు కూడా. దాంతోపాటు టీబీ ఉందేమో చూడటం మరిచిపోకూడదు. ఈ అన్నిట్లోనూ డాక్టర్ ముందు చూసి, ఇది పుండు కాదని తేల్చుకున్నాకే సీసా రాస్తాడు. మందు అంతా ఆ చూడటంలోనే ఉంది.

"బ్యాక్టీరియా పుండుకైనా యాంటీబయోటిక్‌తో పాటు స్టెరాయిడ్ వేస్తే మచ్చ తక్కువ పడుతుంది కదా" అని కొత్త డాక్టర్లు అడుగుతారు. దాని మీద కూడా మన దేశంలోనే ఎక్కువమంది రోగులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది, మొత్తం 500 మందితో. ఫలితాలు 2012లో వచ్చాయి. పరీక్షలో బ్యాక్టీరియా అని తేలినవాళ్లనే తీసుకున్నారు, ముందు 48 గంటలు మాక్సిఫ్లాక్సాసిన్ ఒక్కటే వేశారు, ఆ తర్వాతే సగంమందికి స్టెరాయిడ్ కలిపారు. మూడు నెలల తర్వాత చూపులో మొత్తం మీద తేడా కనపడలేదు. ఇంత జాగ్రత్తగా చేస్తేనే పెద్ద లాభం లేదని తేలినప్పుడు, క్రిమి ఏదో తెలియకుండా మొదటి రోజే రెండూ కలిపి వేయడం ఎంత సబబో మీరే చూడండి.

కండ్లకలక గురించి కూడా ఒక మాట. 2023 జులై, ఆగస్టుల్లో మన రాష్ట్రమంతా కండ్లకలకతో ఎర్రబడింది. ఇంటికి ఇద్దరు ముగ్గురు, హాస్టళ్లకు హాస్టళ్లు. అప్పుడు అమ్ముడుపోయినన్ని కలిపిన చుక్కలు ఇంకెప్పుడూ అమ్ముడుపోవడం నేను చూడలేదు. కండ్లకలక చాలావరకు వైరస్. ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతట అదే పోతుంది. యాంటీబయోటిక్ పనిచేయదు. స్టెరాయిడ్ వేస్తే కన్ను తేటగా కనిపిస్తుంది గానీ వైరస్ ఇంకా ఎక్కువ రోజులు కంట్లో ఉండిపోవచ్చు. తగ్గిందనుకుని పిల్లవాడు బడికి పోయి పదిమందికి అంటిస్తాడు. చన్నీటి గుడ్డ, కన్నీళ్లలాంటి ల్యూబ్రికెంట్ చుక్కలు, చేతులు కడుక్కోవడం, వేరే తువ్వాలు, అంతే. కొందరిలో తర్వాత నల్లగుడ్డు మీద నాణేల్లాంటి మచ్చలొచ్చి చూపు మసకవుతుంది, అప్పుడు స్టెరాయిడ్ అవసరం పడొచ్చు, అదీ చూసి.

కంటి లోపలి వాపు, అంటే ఐరైటిస్, దానికి కలిపిన చుక్కలు ఎందుకూ కొరగావు. అక్కడ బ్యాక్టీరియా లేదు. స్టెరాయిడ్ గంటగంటకూ కావాలి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు కావాలి. కలిపిన సీసాను గంటగంటకూ వేస్తే అవసరం లేని యాంటీబయోటిక్ అంతా కంటి పైపొరను కాలుస్తుంది.

ఇక హెర్పిస్. ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడాది, సాయంత్రం ఓపీ కిటకిటలాడుతోంది. ఒకావిడకు ఎర్రకన్ను, కొంచెం నీరు. రంగు వేసి చూడకుండానే కలిపిన చుక్కలు రాసి పంపేశాను. ఎనిమిది రోజులకు తిరిగొచ్చింది. అప్పుడు ఫ్లోరెసిన్ రంగు వేసి నీలం వెలుతురులో చూస్తే నల్లగుడ్డు మీద కొమ్మలు కొమ్మలుగా పుండు, దేశపటంలా పరుచుకుని ఉంది. హెర్పిస్ వైరస్‌కు నేను స్వయంగా వారం రోజులు ఎరువు వేశాను. ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్‌తో మానింది, మచ్చ మిగిలింది. ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ రోజు నుంచి నొప్పి గానీ, వెలుతురు చూడలేకపోవడం గానీ ఉన్న ఏ ఎర్రకన్నుకూ రంగు వేయకుండా స్టెరాయిడ్ రాయలేదు. రంగు కాగితం ముక్క ఖరీదు ఒక టీ అంత.

మందు సీసా మీద పేరు చదవడం నేర్చుకోండి. ఇది మీ ఇంటి మొత్తానికి పనికొస్తుంది. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాని వెనక చిన్న తోక. సిప్లాక్స్ వేరు, సిప్లాక్స్-డి వేరు. ఆ 'డి' డెక్సామెథసోన్. షాపులో కుర్రాడు తోక చూడకుండా ఇస్తాడు, మనం చూడకుండా తీసుకుంటాం. తోకల మీద కూడా పూర్తిగా నమ్మకం పెట్టుకోకండి, కంపెనీకో రకం. కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చూడండి. చివర్లో 'సోన్', 'లోన్' అని ఉంటే స్టెరాయిడ్: డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్. ఈ లెక్కకు దొరకనివి రెండే, లోటెప్రెడ్నాల్, డిఫ్లుప్రెడ్నేట్. వాటిలో 'ప్రెడ్న్' అనే ముక్క ఉంటుంది, దాన్ని పట్టుకోండి. 'ఫ్లాక్సాసిన్', 'మైసిన్' అని ముగిసేవి యాంటీబయోటిక్‌లు, ఒక్క నాటమైసిన్ తప్ప. ఈ కలిపిన చుక్కలు చిట్టీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉన్నాయి. పెట్టె మీద ఎర్ర గీత అందుకే. ఆ గీత ఎవరికీ కనిపించదు.

వేసే పద్ధతి త్వరగా చెప్తాను. కంటి సంచిలో ఒక చుక్కే సరిగా పట్టదు, రెండోది చెంప మీదికే పోతుంది. ఒకటి చాలు. వేసి కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచితే మందు గొంతులోకి దిగదు. పాలలా తెల్లగా ఉండే స్టెరాయిడ్ చుక్కలు చాలావరకు కదిపి వేయాలి, లేకపోతే మొదటి వారం నీళ్లు, చివరి వారం మందు పడుతుంది. కొన వేలికి, రెప్పకు తగలకూడదు.

అమ్మ ఆపరేషన్ అప్పటి సగం సీసా ఫ్రిజ్‌లో ఉందన్నారు. తెరిచి నెల దాటిన కంటి చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నా పారేయాల్సిందే. మా ఓపీలో ఎర్రకన్నుతో వచ్చేవాళ్లలో చాలామందికి మొదటి మందు ఇలాంటి సగం సీసానే. పక్కింటావిడ కూడా అడుగుతుంది, ఇవ్వకండి. ఇవాళే సింకులో పిండేసి సీసా చెత్తలో వేయండి. మీ బావ వాడుతున్నది ఎలర్జీకా, ఇంకేదన్నానా, ఎన్ని నెలల నుంచి అన్నది అడగండి. రెండు నెలలు దాటి ఉంటే, ఎంత మెతక స్టెరాయిడ్ అయినా, ఒత్తిడి ఒకసారి కొలిపించుకోమనండి. మహబూబ్‌నగర్‌లో ఏ కంటి ఆసుపత్రిలోనైనా పది నిమిషాల పని.

మళ్లీ మీ నాన్నగారి దగ్గరికి. ఆసుపత్రికి చేరేదాకా కంటికి గుడ్డ కట్టకండి, నలపనివ్వకండి, నందివర్ధనం పూల రసం, తల్లిపాలు, నాలుకతో నలుసు తీయించడం ఇవేవీ వద్దు. వాడిన సీసాను పెట్టెతో సహా జేబులో వేసుకోండి. డాక్టర్‌కు ముందు చెప్పాల్సిన మాట "ఎర్రబడింది" అని కాదు. "వడ్లపొట్టు పడింది, నాలుగు రోజులు స్టెరాయిడ్ పడింది, షుగర్ ఉంది." ఈ మూడూ చెప్పండి. పుండు కనిపిస్తే అక్కడే కొంచెం గీరి గాజుపలక మీద తీస్తారు. కంట్లో గీరడం అనగానే మీ నాన్నగారు లేచి నిలబడతారు. ముందు మొద్దుబార్చే చుక్కలు వేస్తారు, నొప్పి తెలియదు, రెండు నిమిషాలు కదలకుండా ఉంటే చాలు. ఆ పలకను మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు ఉన్నాయో లేదో చాలాసార్లు అప్పుడే తెలిసిపోతుంది. మీరున్న చోట ఆ పరీక్ష లేకపోతే, రెండు రోజులు చూద్దాం అనుకోకుండా మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్‌కో వెళ్లండి. హైదరాబాద్ బస్సెక్కి సగం దారి దాకా వచ్చి, కన్ను కొంచెం తేలికగా ఉందని వెనక్కి తిరిగినవాళ్లను కూడా చూశాను. వడ్ల కాంటా సంగతి పక్కింటాయనకు అప్పజెప్పి రమ్మనండి.